ఉప్పు బండి

కన్నవాళ్లు పెట్టిన పేరు ఆమెకు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. గేటు దగ్గరవాళ్లు, దారి ఊడ్చేవాళ్లు, చివరికి ఆఫీసరు కూడా ఉప్పత్త అనే పిలిచేవాళ్లు. ఆమె పని అడవిలో ఉప్పు పొయ్యడం.

పదకొండు కిలోమీటర్ల దారి అది. ఒక గేటులోంచి అడవిలోకి వెళ్లి, కొండను చుట్టి, ఇంకో గేటులోంచి బయటికొస్తుంది. జనం తమ కార్లలో వస్తారు. అద్దాలు ఎత్తుకుని, నెమ్మదిగా నడుపుకుంటూ, పక్కన కనిపించే అడవి జంతువుల్ని చూసుకుంటూ పోతారు. ఎవరూ కారు దిగకూడదు. ఏమీ విసరకూడదు. ఇరవై దాటి నడపకూడదు. ఏడు చోట్ల కారు ఆపుకోవడానికి దారి వెడల్పు చేసి, అంకె చెక్కిన రాయి పాతారు. గేటు దగ్గర ఒక కాగితం ఇస్తారు. అందులో దుప్పి, అడవిపంది, ముంగిస, కుందేలు, నెమలి బొమ్మలుంటాయి. కనిపించినదాని పక్కన పిల్లలు టిక్కు పెట్టుకోవాలి.

మొదట్లో టిక్కులు పడేవి కావు. జంతువులు తెల్లవారేలోపు మేసి, ఎండెక్కేసరికి పొదల్లోకి పోయేవి. గేటు తెరిచేది తొమ్మిదింటికి. తిరిగొచ్చినవాళ్లు గేటు గది కిటికీలోకి తల దూర్చి లోపలి మనిషిని దులిపేసేవాళ్లు. ఆ గేటు మనిషి ఉప్పత్తకు మరిది, ఆమె భర్తకు తమ్ముడు. ఒక చెయ్యి విరిగిన కుర్చీలో కూర్చుని, తీగతో కట్టిన ఆ చేతిని నిమురుతూ అన్నీ వినేవాడు.

"చెట్లు మా వీధిలోనూ ఉన్నాయయ్యా. వీటికోసం ఇంత దూరం రావాలా?"

"మూడో రాయి దగ్గర కోతి కనిపించిందటగా అండీ."

"అది మా బావమరిది. దిగొద్దంటే దిగాడు."

ఉప్పు ఆలోచన ఆమె భర్తది. అడవిలో తిరిగే ప్రాణులకు ఉప్పు దొరకడం కష్టం, దానికోసం మట్టి కూడా నాకుతాయని ఎక్కడో విన్నాడు. ఒక చిన్న ట్రక్కు వెనక తొట్టిలో రాతి ఉప్పు వేసుకుని, తెల్లవారుజామునే వెళ్లి ఐదో రాయి దగ్గర పోసేవాడు. దుప్పులు వచ్చాయి. నాకాయి. తొమ్మిదయ్యేలోపు వెళ్లిపోయాయి. పెట్టింది తిని పేరు చెప్పకుండా పోయే చుట్టాల్లా ఉన్నాయనేవాడు. ఒక వానాకాలం జ్వరమొచ్చి పదిరోజుల్లో పోయాడు. పని ఆమెకిచ్చారు. పనితోపాటు ట్రక్కు, ఉప్పు మూటల కొట్టు, కొట్టు వెనక ఒక గది వచ్చాయి.

ఉప్పు దేన్నీ నిలవనివ్వదు. గది తలుపు బందులు తుప్పుపట్టి తలుపు ఒక పక్కకి వాలిపోయింది. ట్రక్కు తొట్టి అడుగు చిల్లులు పడితే పైన రేకు పరిచి మేకులు కొట్టింది. ఆమె వేళ్లు పగిలాయి, మడమలు పగిలాయి. అన్నం కలుపుకుంటే మండేది. ఆమె వంటలో ఉప్పు వెయ్యక్కర్లేదని, చెయ్యి పెడితే చాలని మరిది వేళాకోళం చేసేవాడు.

భర్త చెయ్యని పని ఒకటి ఆమె చేసింది. తెల్లవారుజామున పొయ్యడం మానేసింది. తొమ్మిదింటికి గేటు ముందు కార్లు వరస కట్టాక, వాటికి ముందు తన ట్రక్కు వేసుకుని వెళ్లేది. ఐదో రాయి దగ్గర ఆపి, తలుపు మీద మూడుసార్లు తట్టి, ఉప్పు పోసి కదిలేది. మొదటి వారం ఏదీ రాలేదు. రెండో వారం ఒక ఆడదుప్పి వచ్చింది. ఎడమచెవి సగం చీలి ఉంది. తల ఎత్తి, దారి మధ్యలో నిలబడి, పోసిన ఉప్పును కాకుండా ఉప్పత్తను చూసింది. మర్యాద ఇంకా మొదలవలేదేమని అడుగుతున్నట్టు ఉందా చూపు.

"వియ్యపురాలు వచ్చిందోయ్," అంది ఉప్పత్త ఆ రోజు మరిదితో. పేరు నిలిచిపోయింది.

వియ్యపురాలి వెనక మిగతావి వచ్చాయి. అది నిలబడితే నిలబడేవి, అది నాకడం మొదలుపెడితే మొదలుపెట్టేవి. ముప్పై నాలుగు. రెండేళ్లలో తలుపు తట్టే పని లేకపోయింది, ట్రక్కు చప్పుడు చాలు. ఇంకో ఏడాదికి ట్రక్కే అవసరం లేకపోయింది. ఏ ఇంజను చప్పుడైనా సరే దుప్పులు పొదల్లోంచి వచ్చి దారి పక్కన నిలబడేవి. కారు అద్దానికి మూతి ఆనించేవి. లోపల పిల్లలు నవ్వుతుంటే అద్దం మీది చెమ్మ నాకేవి. గేటు కాగితం మీద బొమ్మ పోయి నిజం ఫోటో వచ్చింది. ఫోటోలో వియ్యపురాలు.

ఆఫీసరు ఆ కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇదంతా నీ చలవే అత్తా," అన్నాడు. ఆమె దాన్ని గది గోడకు అంటించింది. చేతులారా ఒక పని చేసి, అది ఫలించగా చూడటం ఆమెకు అదే మొదలు. కడుపున పిల్లలు లేరు. ఆ ఏడాది ఆమె కొంచెం నిటారుగా నడిచింది.

ఎనిమిదేళ్లు అలా గడిచాయి.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసరు గేటు గదికొచ్చి, కూర్చోకుండానే కాగితం చదివాడు. కొండ అవతల రాతి క్వారీ తెరుస్తున్నారు. అటువైపు వంతెన లారీల బరువుకి ఆగదట. వచ్చే నెల మొదటి తారీకు నుంచి ఈ దారి లారీలకి ఇస్తారు. కార్ల షికారు ఆగిపోతుంది. గేటు మనిషిని లారీల నంబర్లు రాసుకోవడానికి ఉంచుతారు. ఉప్పత్త ఆ ట్రక్కుతోనే దారి బాగోగులు చూసుకోవాలి, రాళ్లు పడితే తియ్యాలి. ఎవరి పనీ పోదు. ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

"మరి దుప్పులు?" అంది ఉప్పత్త.

"వాటి దారి అవి చూసుకుంటాయి. అడవి జంతువులే కదా."

"అవి బండి చప్పుడుకి వస్తాయి బాబూ."

"హారన్ కొడతారులే."

"హారన్ కొడితే ఇంకా తొందరగా వస్తాయి."

ఆఫీసరు నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇరవై రోజులుంది. మచ్చిక చేసినదానివి, బెదరగొట్టడం నీకు రాదా?"

ఆ మాట అతను తేలిగ్గానే అన్నాడు. ఉప్పత్త ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. దగ్గరికి రావడం నేర్పడానికి మూడేళ్లు పట్టింది. పారిపోవడం నేర్పడానికి ఇరవై రోజులు.

మొదట ఉప్పు ఆపేసింది. పెట్టేది లేకపోతే చుట్టాలు తగ్గుతారనుకుంది. దుప్పులు రోజూ వచ్చాయి. ఉప్పు పోసే చోట నేల నాకాయి. నేల అయిపోయాక ట్రక్కు తొట్టి నాకాయి. తుప్పు రేకు నాలుకను కోస్తే నెత్తురు కారుతూనే నాకాయి.

ఐదో రోజున ఉప్పులో కారం కలిపి పోసింది. తుమ్మాయి, తలలు విదిలించాయి, మూతులు గడ్డికేసి రుద్దుకున్నాయి. తర్వాత వచ్చిన కారు చుట్టూ మూగి దాని తలుపులు నాకాయి. నోరు మండించింది ఉప్పు. బండి కాదు.

మరిది ఒక ఆలోచన చెప్పాడు. "గట్టిగా చప్పుడు చేద్దాం వదినా. డబ్బా మూతలు వాయిద్దాం." ఇద్దరూ ట్రక్కులో వెళ్లారు. అతను ఒక చేత్తో రేకు మూత, ఇంకో చేత్తో ఇనపకడ్డీ పట్టుకుని వాయించాడు. పొదలు కదిలాయి. ఆ రోజు కొన్నేళ్లుగా రానివి కూడా వచ్చాయి, లోయ అవతల మేసేవి. ఆమె తలుపు తట్టి పిలిచిన రోజుల్ని అవి మర్చిపోలేదు. మరిది కడ్డీ దించేశాడు. "భోజనాలకి గంట కొట్టినట్టయింది," అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు.

పదో రోజున ఆమె రాళ్లు తీసుకుంది.

మొదటి రాయి కావాలనే తప్పించి వేసింది. తనకే తెలిసిపోయింది తప్పించానని. రెండోది వేస్తే ఒక పిల్లదుప్పి వెనక కాలికి తగిలింది. అది అరిచి పదడుగులు పరిగెత్తి, తిరిగి చూసి, మళ్లీ వచ్చింది. మూడోది వియ్యపురాలి డొక్కలో తగిలింది. చప్పుడు వినిపించింది. వియ్యపురాలు కదల్లేదు. కింద పడిన రాయిని వాసన చూసింది. తల వంచి దాన్ని నాకింది. ఉప్పత్త చేతిలో ఉన్న రాయి అది, దానికీ ఉప్పు అంటింది.

ఉప్పత్త ట్రక్కు ఎక్కి కూర్చుంది. చాలాసేపు తాళం తిప్పలేదు.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు. తినిపించినవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆఫీసరుకి మరిది ఫోన్ చేశాడు. వియ్యపురాల్ని పట్టించి దూరంగా వదిలితే మిగతావి చెదిరిపోతాయేమో కనుక్కోమన్నాడు. మత్తుసూది వేసే డాక్టరు రావాలి, పై ఆఫీసు ఒప్పుకోవాలి, కనీసం రెండు నెలలు పడుతుంది అని జవాబొచ్చింది. లారీలు మాత్రం చెప్పిన తారీకుకే వస్తాయి. క్వారీవాళ్లు అప్పుడే గేటు స్తంభాలు తీయించి దారి వెడల్పు చేయించారు.

పధ్నాలుగో రోజు సాయంత్రం గేటు గదిలో మరిది టీ పోశాడు. ఉప్పత్త గ్లాసు పట్టుకుని తాగలేదు.

"అవి ఒక్కసారి చూడాలి," అంది.

"ఏంటి చూడాలి?"

"బండి చంపడం."

మరిది గ్లాసు కింద పెట్టాడు. "నీకు మతి గాని పోయిందా? లారీవాడు చెయ్యబోయేది ముందే నువ్వు చేస్తావా?"

"లారీ ఒకదాన్ని కొట్టి ఆగదు. వెనక ఇంకో లారీ ఉంటుంది. పడినదాని చుట్టూ మిగతావి మూగుతాయి, ఆ లారీ వాటిమీదికొస్తుంది. అవి నేర్చుకునేసరికి నేర్చుకోడానికి ఒక్కటీ మిగలదు."

"అయితే ఏదో ఒకదాన్ని..."

"ఏదో ఒకటైతే కుదరదు. ముందు నిలబడేది నిలబడి ఉంటే ఏదీ కదలదు. నువ్వూ చూశావు."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు స్తంభాలు తీసిన చోట రెండు గుంతలు ఉన్నాయి. ఇంకా ఎవరూ పూడ్చలేదు.

"ఎవరిదైనా కారు అడిగి తెచ్చి నేను చేస్తానులే. నువ్వు ఇంట్లో ఉండు."

"ఆ కారు వాటికి పరాయిది. దాన్నొక్కదాన్ని చూసి భయపడితే ఏం లాభం? నా బండే కావాలి. నా బండిని చూసి పారిపోతే ఇక దేన్ని చూసినా పారిపోతాయి."

"వదినా, అది నిన్ను చూసి నిలబడుతుంది."

"తెలుసు," అంది ఉప్పత్త.

మర్నాడు ఆమె పొద్దున్నే స్నానం చేసి, ట్రక్కు తొట్టి ఖాళీ చేసింది. గడ్డపార ఒకటి వేసుకుంది. కొట్టాక ప్రాణం పోకపోతే త్వరగా ముగించడానికి. తొమ్మిదింటికే బయల్దేరింది. అవి ఎదురుచూసే వేళ అదే. కార్లు లేవు, గేటు స్తంభాలు తీసిన రోజే షికారు ఆపేశారు, అప్పటికి రెండు రోజులైంది.

నాలుగో రాయి దాటాక దారి తిన్నగా ఉంటుంది. దూరం నుంచే కనిపించాయి, వరసగా, ఎడమపక్క గట్టు మీద. చప్పుడు విని దిగుతున్నాయి. వియ్యపురాలు ఎప్పటిలాగే దారి మధ్యకొచ్చి నిలబడింది. తల ఎత్తింది.

ఇన్నేళ్లలో ఆ ట్రక్కు ముల్లు ఇరవై దాటి ఎరగదు. ఉప్పత్త కాలు అదిమింది. ముప్పై. రేకులు అదిరాయి. నలభై. గడ్డపార తొట్టిలో దొర్లింది. వియ్యపురాలు పక్కకి జరగలేదు. ఆగుతుందని దానికి తెలుసు. ఆగకపోవడం అది ఎప్పుడూ చూడలేదు.

కళ్లు మూసుకోకూడదని ముందే అనుకుంది. మూసుకోలేదు.

ట్రక్కు ఇరవై గజాలు పోయి ఆగింది. గుంపు ఒక్కసారిగా గట్టెక్కి పొదల్లో పడింది. దారి మధ్య వియ్యపురాలు. వెనక కాళ్లు కదలడం లేదు. ముందు కాళ్లతో లేవబోయి, పడి, మళ్లీ లేవబోతోంది.

ఉప్పత్త గడ్డపార కోసం తలుపు మీద చెయ్యి వేసింది. అప్పుడు గట్టు మీద పొదల్లో చెవులు కనిపించాయి. పోలేదు. చూస్తున్నాయి. తను దిగిందంటే మనిషి కనిపిస్తుంది. ఉప్పు చెయ్యి కనిపిస్తుంది. ఒక్కొక్కటే వస్తాయి, తన చుట్టూ చేరతాయి, పడినదాన్ని మర్చిపోతాయి. చేసిందంతా వృథా అవుతుంది.

ఇది ఆమె ముందు ఆలోచించలేదు. కొట్టడం వరకే ఆలోచించింది.

తలుపు మీదినుంచి చెయ్యి తీసింది. ట్రక్కు వెనక్కి తిప్పి, వియ్యపురాలికి నాలుగు గజాల దూరంలో నిలిపి, ఇంజను ఆపకుండా కాలు అదిమి ఉంచింది. హారన్ మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు. పొగ దారి మీద పరుచుకుంది. వియ్యపురాలు ఆమెకేసి తల తిప్పింది. నోరు తెరిచే ఉంది. ఏదైనా చప్పుడు చేసిందేమో, హారన్‌లో వినిపించలేదు.

ఎంతసేపో ఆమెకు తెలియదు. హారన్ విని మరిది సైకిల్ మీద వచ్చాడు. దూరంగా వంపు దగ్గర దిగి, రెండడుగులు వేశాడు. ఉప్పత్త అద్దం వెనకనుంచి చెయ్యి ఊపింది, రావొద్దని. అతను అక్కడే సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. "గడ్డపార నాకియ్యి వదినా," అని హారన్‌ను మించి అరిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను సైకిల్ వెనక్కి తిప్పుకుని, అటు తిరిగి నిలబడ్డాడు.

వియ్యపురాలి ముందు కాళ్లు ఆగిపోయాయి. డొక్క ఇంకా కొంచెంసేపు లేచి పడింది. తర్వాత అదీ లేదు.

గట్టు మీదినుంచి ఒక పడుచుదుప్పి మెల్లగా దిగింది. మెడ చాచి దారి అంచుకొచ్చింది. ఉప్పత్త గేరు వేసి ట్రక్కును దానిమీదికి దూకించింది. అది ఎగిరి పొదలో పడి, లోయకేసి పరిగెత్తింది. దాని వెనక మిగతావి. కొమ్మలు విరిగే చప్పుడు కిందికంటా పోయింది.

అప్పుడు ఇంజను ఆపింది.

మరిది వచ్చాడు. పాతిపెడదామని అతను చుట్టూ చూస్తుంటే ఆమె వద్దంది. దారిలోనే ఉండాలి, రెండు రోజులు. వాసన వాటికి చేరాలి. అతను ఆమెకేసి చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆమెతో సూటిగా మాట్లాడలేదు. టీ మాత్రం పోసి పెట్టేవాడు.

మిగిలిన రోజులు ఆమె ట్రక్కుతో పొద్దునా సాయంత్రం ఆ దారి తిరిగింది. మొదటి రోజు ఏడు కనిపించాయి, దూరంగా. హారన్ మోగిస్తూ మీదికి పోయింది. రెండో రోజు రెండు. మూడో రోజు రాళ్లు, చెట్లు, దారి. పక్కన పొదల్లో ఏదో కదిలి లోపలికి పోయేది. అంతే.

ఒకటో తారీకున ఆఫీసరు వచ్చాడు. లారీలు తెల్లవారకముందే మొదలయ్యాయి. గేటు గది కిటికీ దుమ్ముతో మూసుకుపోయింది, మరిది పది నిమిషాలకోసారి గుడ్డతో తుడిచి నంబర్లు రాసుకున్నాడు. ఆఫీసరు ముక్కుకు రుమాలు పట్టుకుని, "బెదరగొట్టావా అత్తా?" అని అడిగాడు.

"ఆ."

"నేను చెప్పలేదూ. అడవి జంతువుకి భయం పుట్టుకతోనే ఉంటుంది. కాస్త గుర్తు చెయ్యాలంతే."



సాయంత్రం లారీలు తగ్గాక ఆమె ట్రక్కు తీసింది. దారి మీద పడినవి ఎత్తడం ఆమె పని. తొట్టిలో పార వేసుకుంది, గోనెసంచులు ఎన్ని ఉన్నాయో అన్నీ వేసుకుంది. మొదటి రాయి నుంచి ఏడో రాయి దాకా పదకొండు కిలోమీటర్లూ ఇరవై మీద నడిపింది. ప్రతి వంపులో తల బయటపెట్టి చూసింది. ఐదో రాయి దగ్గర నెమ్మది చెయ్యలేదు. ఎక్కడా దిగే పని పడలేదు.

గేటు గది ముందు ఆపితే మరిది గుమ్మంలోకి వచ్చాడు. ఆ రోజు తర్వాత మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఎన్ని ఉన్నాయి వదినా?"

"ఏవి?"

అతను ఆగాడు. చచ్చినవా, బతికినవా అని విడిగా అడగడానికి అతనికి నోరు రాలేదు. ఆమెకు అర్థమైంది.

"రెండూ లేవు," అంది.

గోనెసంచులు మడత విప్పకుండానే కిందికి దించి, కొట్టులోకి మోసుకుపోయింది.